చెరువు పైన గోల్ఫ్ కోర్స్: అభ్యంతరం ఎప్పుడు రాయాలి, ఏమని రాయాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. ఒకటి చెరువు కింద ఉన్న ఊరి నుంచి, ఒకటి అలాంటి ఊళ్లోనే పని కోసం తిరుగుతున్న అబ్బాయి నుంచి, ఇంకొకటి విల్లా కొందామని టోకెన్ కట్టిన దంపతుల నుంచి. మిగతా ప్రశ్నలకు వచ్చే సంచికలో జవాబిస్తాను. ఈ పేజీ అంతా వీటికే.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను రిటైర్డ్ టీచర్ని. మాది రంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఒక ఊరు. మా చెరువుకు ఎగువన 210 ఎకరాల్లో 18 హోల్స్ గోల్ఫ్ కోర్స్, 400 విల్లాలు వస్తున్నాయని బ్రోచర్లు పంచుతున్నారు. అందులో మా చెరువు ఫొటో వేసి ‘లేక్ వ్యూ’ అని రాశారు. చెరువు 38 ఎకరాలు. ఊరి బోర్లన్నీ దాని మీదే బతుకుతున్నాయి. ‘ఈ ప్రాజెక్టు మాకు వద్దు’ అని 160 మందిమి సంతకాలు చేసి మండలాఫీసులో ఇచ్చాం. తీసుకున్నారు, జవాబు మాత్రం లేదు. పని ఇంకా మొదలు కాలేదు కదా, మొదలయ్యాక కోర్టుకు వెళ్దాం అని ఊళ్లో కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, మొదలయ్యాక వద్దు. మీ ఉత్తరం మొత్తంలో నాకు భయం వేసిన మాట అదొక్కటే.

చిన్న నీటిపారుదలలో 34 ఏళ్లు ఇంజినీరుగా చేసిన దాన్ని, అయినా ఇదే పొరపాటు నేనూ చేశాను. 2008లో మా నాన్న ఊరి నుంచి ఫోన్ చేసి, ‘వెంచర్ వాళ్లు కాల్వ మీద ముగ్గు పోశారమ్మా, ఏదైనా కాగితం రాద్దామా?’ అని అడిగాడు. వాగు నుంచి మా చెరువుకు నీళ్లు తెచ్చే కాల్వ అది. ‘ముగ్గే కదా నాన్నా, కాల్వ మీద గోడకు పర్మిషన్ ఎవరిస్తారు? కడితే అప్పుడు చూద్దాం’ అన్నాను. దసరాకు ఇంటికి వెళ్లేసరికి గోడ లేచి ఉంది. అప్పుడు కాగితాలు రాశాం, ఆఫీసుల చుట్టూ తిరిగాం. చివరికి దయతలచినట్టు గోడ కింద ఒక సిమెంటు పైపు పెట్టారు. కాల్వ వెడల్పు 12 అడుగులు, పైపు 2 అడుగులు. మరుసటి వానాకాలం ఆ పైపు నోటి దగ్గర చెత్త, తుమ్మ కంప అడ్డుపడి, వరద అంతా రోడ్డు పక్క గుంతలోకి మళ్లింది. ఆ తర్వాత ఐదేళ్లు మా చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకలేదు. మా నాన్న రెండెకరాల మడి బీడు పడింది. ముగ్గు పోసిన రోజు ఒక్క దరఖాస్తు పెట్టి ఉంటే ఏమయ్యేదో తెలియదు. గోడ లేచాక మాత్రం మేం చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. తిరుపతి పక్కన అవిలాల, పేరూరు చెరువులు ఉన్నాయి. 1990లలో అవిలాల చెరువు భూమిని హౌసింగ్ బోర్డుకు, పేరూరు చెరువు భూమిని ఇళ్ల కోసం తిరుమల తిరుపతి దేవస్థానానికి ప్రభుత్వమే జీవోలతో ఇచ్చింది. స్థానికులు ‘ఇంటలెక్చువల్స్ ఫోరం, తిరుపతి’ పేరుతో హైకోర్టుకు, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2006 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. చెరువులు ప్రజల ఉమ్మడి ఆస్తి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అని కోర్టు చెప్పింది. దేశంలో ఎక్కడ చెరువు కేసు నడిచినా ఈ తీర్పు ప్రస్తావనకు వస్తుంది. మన తిరుపతి వాళ్లు తెచ్చుకున్న తీర్పు కాబట్టి దాన్ని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. కానీ అందులో ఇచ్చిన ఆదేశాలు చదవండి మాస్టారూ. ఇకపై కొత్త కట్టడాలు వద్దన్నారు. బోర్లు వేయొద్దన్నారు. ఉన్న ఇళ్లు ఇంటి మీద పడిన వాన నీటిని భూమిలోకి ఇంకించాలన్నారు. అప్పటికే లేచిన ఇళ్లు అలాగే ఉండిపోయాయి. గెలిచిన కేసులో కూడా కట్టేసిన భాగం తిరిగి చెరువు కాలేదు.

అందుకే మీ చేతిలో ఉన్న బలమంతా ఈ కొద్ది నెలలే. ఇప్పుడు మీ దరఖాస్తు గురించి. ‘మాకు వద్దు’ అన్నది మీ మనసులో మాట, నిజమైన మాట. కానీ ఫైలు రాసే ఉద్యోగికి దానితో పని ఉండదు. ‘గ్రామస్థుల అభ్యంతరం గమనించడమైనది’ అని ఒక లైను రాసి పక్కన పెట్టేస్తాడు. అతను జవాబు రాయక తప్పని ప్రశ్న మీరు వేయాలి. ఆ ప్రశ్న నీళ్ల గురించి ఉండాలి. లెక్క నేను చేసి చూపిస్తాను, ఐదో తరగతి గుణకారమే.

ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు మందాన నీళ్లు నిలిపితే 4,047 లీటర్లు. మన ఎండాకాలంలో పచ్చగా ఉంచాల్సిన గడ్డి రోజుకు సుమారు 5 మిల్లీమీటర్లు తాగుతుంది. అంటే ఎకరానికి 20 వేల లీటర్లు. 18 హోల్స్ కోర్సుకు మొత్తం నూటపాతిక, నూటయాభై ఎకరాలు పట్టినా, అందులో 60 ఎకరాలకే నీళ్లు పెడతారు అనుకుందాం. రోజుకు 12 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 240. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది జల్ జీవన్ మిషన్ లెక్క. మన మిషన్ భగీరథ లెక్కలో వంద లీటర్లు. వంద వేసుకున్నా 12 వేల మంది ఒక రోజు వాడుకునే నీళ్లు అవి.

దీనికి కంపెనీ వాళ్ల జవాబు నాకు తెలుసు. ‘మేం భూగర్భ జలం ముట్టుకోం, విల్లాల మురుగు శుద్ధి చేసి గడ్డికి వాడతాం’ అంటారు. మంచి మాటే. కానీ 400 ఇళ్లు, ఇంటికి ఐదుగురు, మనిషికి 135 లీటర్లు వేసుకుంటే రోజుకు వాడేది 2 లక్షల 70 వేల లీటర్లు. అందులో మురుగుగా తిరిగొచ్చేది మహా అయితే 80 శాతం, అంటే 2 లక్షల చిల్లర. మిగతా 10 లక్షల లీటర్లు ఎక్కడివి? మీ దరఖాస్తులో మొదటి వాక్యం ఇదే పెట్టండి. ఆ 2 లక్షల లీటర్ల మురుగు కూడా అన్ని ఇళ్లూ నిండాకే వస్తుంది. గడ్డి మాత్రం మొదటి ఏడాదే వేస్తారు, విల్లాలు అమ్మాలంటే ముందు పచ్చదనం చూపించాలి కదా. అప్పటిదాకా నీళ్లెక్కడివి అన్నది రెండో వాక్యం. కొత్తగా ఎన్ని బోర్లు వేస్తారు, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద వాటికి అనుమతి తీసుకున్నారా, ఊరి మంచినీళ్ల బోరుకు 250 మీటర్ల లోపల ఏదైనా వస్తుందా అని కూడా అడగండి.

తర్వాత చెరువు హద్దు. చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో అది ఎఫ్‌టీఎల్. మత్తడి రాయి పైమట్టం ఎంత ఎత్తులో ఉందో, ఎఫ్‌టీఎల్ అదే ఎత్తు. అంతకుమించి రహస్యం లేదు. 2012లో వచ్చిన 168 నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల దాకా కట్టడాలు ఉండకూడదు. అంతకన్నా చిన్న కుంటలకు 9 మీటర్లు. మీది 38 ఎకరాలంటే 15 హెక్టార్లు దాటింది, కాబట్టి 30 మీటర్లు వర్తిస్తుంది. అయితే ఒకటి గమనించండి. ఆ 30 మీటర్లలో ఇల్లు కట్టకూడదు గానీ, దాన్ని ఖాళీ జాగా కింద చూపించుకోవచ్చు. అంటే గోల్ఫ్ గడ్డి మీ చెరువు నీళ్ల అంచుదాకా రావచ్చు. ఆ గడ్డికి చల్లే ఎరువు, తెగుళ్ల మందు మొదటి వానకే చెరువులో పడతాయి. చేపలు పట్టే వాళ్లు, బర్రెలను తోలే వాళ్లు మీ ఊళ్లో ఉంటే వాళ్ల చేత విడిగా ఒక కాగితం రాయించండి, మీ 160 సంతకాల్లో కలిపేయకండి. వాళ్లకు జరిగే నష్టం వేరు, దాని లెక్కా వేరు.

ఒక పని మాత్రం ఈ వానాకాలమే చేయండి. మత్తడి దుంకిన రోజు ఊళ్లో నలుగురు కుర్రాళ్లను తీసుకుని నీళ్ల అంచు వెంట నడవండి. ప్రతి యాభై అడుగులకు ఒక రాయి పాతి సున్నం వేయండి. రాయి దగ్గర నిలబడి, లొకేషన్, తేదీ కనిపించేలా ఫోన్‌తో ఫొటో తీయండి. ఎగువన తుమ్మ చెట్లు ఉంటే వాటి మొదళ్ల మీద నీళ్ల చార కనిపిస్తుంది, అదీ తీయండి. సర్వేయర్ వచ్చేది మే నెలలో. అప్పటికి చెరువులో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, ఎఫ్‌టీఎల్ ఎక్కడుందో ఎవరు ఎటు చూపిస్తే అటే ఉంటుంది. ఎండిపోయిన చెరువులో ఒక మీటరు మట్టం తేడా చూపితే హద్దు ఎంత దూరం జరుగుతుందో నేను కళ్లారా చూశాను. చదునైన శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, అది ఎకరాల్లో ఉంటుంది.

కాగితాల్లో ముందు గ్రామ నక్షా, 1954–55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) నకళ్లు తీసుకోండి. ప్రాజెక్టు సర్వే నంబర్లలో ఎక్కడైనా శిఖం, వాగు, బండ్ల బాట, పోరంబోకు అని ఉందేమో చూడండి. అసైన్డ్ భూమి, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి, ఉందేమో కూడా చూడండి. తెలంగాణలో దాని అమ్మకాన్ని 1977 చట్టం నిషేధిస్తుంది. సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు.

ఇక ఎవరికి పంపాలి? మండలాఫీసు ఒక్కటి చాలదు. భూ వినియోగం మార్పు కోరితే హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) పేపర్లో ప్రకటన వేస్తుంది, అభ్యంతరాలకు సాధారణంగా 15 రోజులే ఇస్తుంది. జిల్లా ఎడిషన్లో లోపలి పేజీలో వస్తుంది అది. ఊళ్లో ఒకరిని రోజూ ఆ పేజీ చూసే పనికి పెట్టండి. 50 హెక్టార్లు, అంటే 123 ఎకరాలు దాటిన టౌన్‌షిప్‌కు 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద రాష్ట్ర పర్యావరణ అథారిటీ అనుమతి కావాలి. మీది 210 ఎకరాలు కాబట్టి కావాల్సిందే. చాలామంది ‘ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు కదా, అప్పుడు మాట్లాడదాం’ అనుకుని కూర్చుంటారు. పెట్టరు మాస్టారూ. గనులకు, ఫ్యాక్టరీలకు పెడతారు గానీ, టౌన్‌షిప్‌లకు ఆ నోటిఫికేషన్లోనే మినహాయింపు ఇచ్చారు. నాకు దాంట్లో అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది ఇదే. మైకు మీ ఊరికి రాదు, మీ కాగితమే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. పర్యావరణ అనుమతుల దరఖాస్తులు పెట్టే పరివేశ్ అనే ప్రభుత్వ పోర్టల్లో దరఖాస్తు కనిపించిన వెంటనే అథారిటీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. అనుమతి ఇచ్చేస్తే 30 రోజుల్లో చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయాలి. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. ఆ 90 రోజులూ దాటితే తలుపు మూసుకున్నట్టే. ‘మొదలయ్యాక చూద్దాం’ అన్న వాళ్లకు ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

ప్రశ్న: మేడమ్, నాకు 23 ఏళ్లు, డిగ్రీ అయింది. మా ఊరి దగ్గర కూడా గోల్ఫ్ విల్లాల ప్రాజెక్టు అంటున్నారు. ఊరి వాళ్లకు 500 ఉద్యోగాలు ఇస్తామని మీటింగ్ పెట్టి చెప్పారు. మా నాన్న, పెద్దవాళ్లు వద్దంటున్నారు. నేను రోజూ 40 కిలోమీటర్లు బైక్ మీద వెళ్లి గోడౌన్లో పనిచేస్తున్నా, నెలలో సగం జీతం పెట్రోలుకే పోతోంది. పని వస్తే ఊళ్లోనే ఉంటాను కదా. ఇంట్లో రోజూ గొడవ, టెన్షన్. నేను అనేది తప్పా?

జవాబు: తప్పు కాదు నాన్నా. ఊళ్లో పని కావాలనుకోవడంలో తప్పేముంది? మీ నాన్నకు చెరువు మీద ఎంత హక్కుందో, నీకు నీ బతుకు మీద అంత హక్కుంది. నేను చెప్పేది ఒక్కటే, ఆ 500 అన్న అంకెను కాగితం మీదికి రప్పించు.

స్కాట్లాండ్‌లో అబర్డీన్ నగరానికి ఉత్తరాన మెనీ అనే చోట ఇలాగే జరిగింది. 2006లో డొనాల్డ్ ట్రంప్ అక్కడ సముద్రం ఒడ్డున ఎస్టేటు కొన్నారు. రెండు గోల్ఫ్ కోర్సులు, 450 గదుల హోటల్, 950 హాలిడే ఇళ్లు, మరో 500 ఇళ్లు అన్నారు. 6 వేల ఉద్యోగాలన్నారు. ఆ ఒడ్డున గాలికి కదిలే ఇసుక దిబ్బలు ఉన్నాయి, వాటికి చట్టం కింద ప్రత్యేక రక్షణ ఉండేది. చుట్టుపక్కల కాపురం ఉన్న వాళ్లు కొందరు ఇళ్లు అమ్మం అన్నారు. 2007 నవంబరులో స్థానిక కౌన్సిల్ కమిటీలో ఓట్లు సమానంగా చీలితే, అధ్యక్షుడి ఓటుతో ప్రాజెక్టును తిరస్కరించారు. కానీ స్కాట్లాండ్ ప్రభుత్వం ఫైలు తన దగ్గరికి తెప్పించుకుంది. 2008లో విచారణ జరిపి, ఆర్థికంగా లాభం అన్న కారణం చూపి అనుమతి ఇచ్చింది.

మొదటి కోర్సు 2012లో తెరిచారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కంపెనీ తన లెక్కల్లో చూపిన ఉద్యోగులు వంద లోపే. ఆ 450 గదుల హోటల్ రాలేదు. 2020 డిసెంబరులో అక్కడి ప్రకృతి సంరక్షణ సంస్థ ఆ దిబ్బలకు ఉన్న రక్షణ హోదాను తీసేసింది. కాపాడాల్సిన ప్రత్యేకత ఇక మిగల్లేదన్నది కారణం. నాకు ఆ వార్త చదివినప్పుడు మా ఊరి సిమెంటు పైపు గుర్తొచ్చింది. ఉద్యోగాల మాట నోటితో చెప్పిందే, దిబ్బలు మాత్రం నిజంగా పోయాయి.

మీ దగ్గరా అలాగే అవుతుందని నేను అనను. కొన్ని ఉద్యోగాలు వస్తాయి. గడ్డి కోయడం, కాపలా, ఇళ్లల్లో పని, క్లబ్బులో వడ్డన, బండ్లు నడపడం. అవి చిన్న పనులని నేను తీసిపారేయను. కానీ 500లో పర్మినెంట్ ఎన్ని, కాంట్రాక్టర్ కింద ఎన్ని, కట్టేటప్పటి కూలి పనిని కూడా ఇందులో కలిపారా, ఊరి వాళ్లకే అని ఏ కాగితంలో ఉంది? పంచాయతీ తీర్మానంలో ఈ ప్రశ్నలు పెట్టించు. పర్యావరణ అనుమతికి పెట్టే దరఖాస్తులో ప్రాజెక్టు వల్ల ఎంతమందికి ఉపాధి అన్నది కూడా రాస్తారు, అది పోర్టల్లో తీసి చూడు. మీటింగ్‌లో చెప్పిన అంకె, అక్కడ రాసిన అంకె పక్కపక్కన పెట్టు. రెండూ ఒకటే అయితే మీ నాన్నతో నువ్వే మాట్లాడు. తేడా ఉంటే ఊరి ముందు ఆ కాగితం చదవాల్సింది కూడా నువ్వే. డిగ్రీ చదివిన వాడివి, పోర్టల్ తెరిచి చూడగలిగే వాడివి ఊళ్లో ఉండటం పెద్దవాళ్లకు ఎంత అవసరమో వాళ్లకూ చెప్పు.

ఇంకో సంగతి. మెక్సికోలో టెపొజ్ట్‌లాన్ అనే పట్నం వాళ్లు 1995లో సుమారు 800 ఇళ్లతో వస్తున్న గోల్ఫ్ ప్రాజెక్టును నీళ్ల కోసం, ఉమ్మడి భూమి కోసం అడ్డుకున్నారు. ఏడాదిలో కంపెనీ వెనక్కి వెళ్లింది. కానీ 1996 ఏప్రిల్లో ఒక ర్యాలీ మీద పోలీసులు విరుచుకుపడిన రోజు ఒక పెద్దాయన చనిపోయాడు. ఈ గొడవ మీ ఇంట్లో, మీ ఊళ్లో అంతదాకా వెళ్లకూడదు. తండ్రీ కొడుకులు ఒకే కాగితం ముందు కూర్చుంటే వెళ్లదు.

ప్రశ్న: మేడమ్, మేమిద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. గోల్ఫ్ వ్యూ విల్లాకు ప్రీ లాంచ్ రేటని 5 లక్షలు టోకెన్ కట్టాం. బ్రోచర్‌లో పక్కనే పెద్ద చెరువు. ఇప్పుడు ఊరి వాళ్లు అభ్యంతరం చెప్తున్నారని విన్నాం. మా డబ్బు సేఫేనా?

జవాబు: అమ్మా, ముందు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 2016 రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఇలాంటి ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. ‘ప్రీ లాంచ్’ అన్న పేరు చట్టంలో లేదు. నంబరు ఇచ్చినా రెరా వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా మొత్తం ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు, రెండో విడత అడిగితే ఈ మాట చెప్పండి. బ్రోచర్ పారేయకండి. అందులో చెప్పింది అబద్ధమని తేలితే, 12వ సెక్షన్ కింద వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడిగే హక్కు మీకుంది.

ఊరి వాళ్ల అభ్యంతరం మీకు అడ్డంకి అనుకోకండి. వాళ్లడిగే నీళ్ల ప్రశ్న రేపు మీ వంటింటి కుళాయి ప్రశ్న కూడా. గడ్డికి, విల్లాలకు నీళ్లెక్కణ్ణుంచి తెస్తారో రాతపూర్వకంగా మీరూ అడగండి. కొనేవాళ్లు అడిగితే కంపెనీ వాళ్లు తొందరగా జవాబిస్తారు. బ్రోచర్‌లోని ఆ చెరువు ఏ ఊరిదో, దాని ఎఫ్‌టీఎల్ హద్దు మీ ప్లాటుకు ఎంత దూరమో కూడా అదే ఉత్తరంలో రాయించుకోండి. ఒక ఆదివారం కారులో కాకుండా కాలినడకన ఆ కట్ట మీదికి వెళ్లండి. అక్కడ ఎవరో ఒకరు బర్రెలు కాస్తూ కనిపిస్తారు. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయని అడిగితే చేత్తో చూపిస్తారు. మీ ప్లాటు రాయి దానికి ఇవతల ఉందో అవతల ఉందో చూసుకుని, టోకెన్ రసీదు, బ్రోచర్ ఫొటోకాపీలు నాకు పంపండి.